తొడిమ

ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర
ఆటో దిగకముందే తుమ్మాను.
"అదిగో, చదువుకునే పిల్ల వచ్చింది"
రేకుల షెడ్డులోంచి ఎవరో నవ్వారు.
నేను రాసుకొచ్చిన పరిచయ వాక్యాలకంటే
తుమ్మే ముందు లోపలికెళ్ళింది.

సంచిలో మూడు పేజీల అంగీకార పత్రం.
యూనివర్సిటీ కమిటీ రెండుసార్లు తిప్పి పంపి
మూడోసారి ముద్రేసిన కాగితం.
"మీకు ఇష్టం లేకపోతే ఎప్పుడైనా మానుకోవచ్చు"
ఎర్రటి గుట్టల మధ్య నిలబడి చదివాను.
మానుకోవచ్చంట!
పక్కావిడ మోచేత్తో పొడిచింది.
షెడ్డంతా ఒకటే నవ్వు.
ఆ మాట అక్కడ వాళ్ళతో
అంతవరకూ ఎవరూ అనలేదు.

వేలిముద్ర వేయమన్నాను.
ఆమె బొటనవేలు ఎత్తి చూపించింది.
పద్నాలుగేళ్ళ తేజ, బాడిగ, తాలు
గీతలన్నీ తినేసిన వేలు,
ఏటిరాయంత నున్నగా.
"బియ్యం మిషనే నేను నేను కాదంటది నెలనెలా.
నీ కాగితం గుర్తుపడతదా?"

మా డిపార్ట్‌మెంటు వరండాలో అద్దాల బీరువా ఉంది.
అందులో ఒక ఇత్తడి కాలిపర్.
బుర్రలు కొలిచింది, ముక్కులు కొలిచింది,
ఏ కులం బుర్రలో ఎంత నేరముందో లెక్క తేల్చింది.
కింద చీటీ మీద కొలిచినవాడి పేరుంది.
కొలిపించుకున్నవాళ్ళ పేర్లు లేవు.
ఆ చీటీ చూసినప్పుడల్లా సిగ్గుపడే నేను
నా నోటుపుస్తకంలో రాసుకున్నాను:
స్త్రీ, 7. వయసు 41.

మీ పేరు ఎక్కడా రాయను, మీ మంచికే, అన్నాను.
ఆమె చేతులు ఆగలేదు.
తొడిమ ఒకవైపు, కాయ ఒకవైపు.
"మేం కాయకి తీస్తాం. నువ్వు మనిషికి తీస్తావా?"
కాసేపాగి,
"తొడిమ తీసిన కాయకి రేటెక్కువ.
మరా రేటు ఎవరికి?"

నా దగ్గర జవాబుంది. ఇంగ్లీషులో ఉంది.
రెండుసార్లు తెలుగు చేయబోయి
రెండుసార్లూ తుమ్మాను.

మూడో వారం, టీ గ్లాసు నేలమీద పెట్టి
ఆమే తీర్పు చెప్పింది:
"మేస్త్రి కాటాలో కొట్టేస్తాడన్న చోట నన్ను దాచు,
రేపు మళ్ళీ పనికి రావాల.
మా అమ్మ నాట్లప్పుడు పాడే పాట చెప్పానే,
అక్కడ మాత్రం పెట్టు, ఇంటిపేరుతో సహా.
చిన్నోడి సంగతి...
అది నీకు చెప్పింది. బుక్కుకి కాదు."

ఈ కవితలో ఆ పాట లేదు.
అందుకే ఆమె పేరూ లేదు.

ఫారంలో ఉన్నవి రెండే గళ్ళు: అవును, కాదు.
ఆమె చెప్పిన మూడూ మార్జిన్‌లో పెన్సిల్‌తో రాశాను.
గైడుగారు ఎర్ర సిరాతో సున్నా చుట్టి
"ఇదేంటి?" అని రాశారు.

చిన్నోడి సంగతి నా ఫోన్లో ఉంది. నలభై నిమిషాలు.
నా థీసిస్ మొత్తంలో
అంత బరువైన మాట ఇంకొకటి లేదు.
పేరు మారిస్తే ఎవరికి తెలుస్తుంది?
ఊరు మారిస్తే?
రెండు రాత్రులు ఆ ప్రశ్నల్ని పక్కలో వేసుకు పడుకున్నాను.
చెరిపేశానని రాస్తే ఈ కవిత బాగుండేది.
చెరపలేదు. రాయనూ లేదు.
మెమరీ నిండింది, ఏది తీసేయమంటారని
ఫోను అడుగుతూనే ఉంది.

శనివారం బట్వాడా.
ఊరికే కూచోలేక నేను తొడిమలు తీసిన పదకొండు కిలోలు
ఆమె లెక్కలో కలిశాయి.
ఆ డబ్బు విడిగా ఎంచి, కొంగుముడి విప్పి
నా చేతిలో పెట్టింది.
తీసుకోవచ్చా, కూడదా,
ఏ నియమం కిందికొస్తుందని నేను తడుముకుంటుంటే
"లెక్క లెక్కే" అంది.

బస్సు లాడ్జి సెంటర్ దాటుతుంటే
మరిచిపోయి కన్ను నలుపుకున్నాను.
పక్కసీటు పెద్దాయన జేబురుమాలు తీశాడు,
"ఏమైందమ్మా?"
మిరపకాయలండీ, అన్నాను.
అంతవరకూ నిజమే.